బోర్లా వేలాడిన చేపలు

ఫ్రేములాయనకు ఒక జబ్బు ఉంది. ఎవరింటికి వెళ్ళినా మనుషులకంటే ముందు గోడల్ని పలకరిస్తాడు. గోడ మీద బొమ్మ ఏదైనా కాస్త పక్కకు ఒరిగి కనిపించిందా, ఇక అతనికి కూర్చున్న చోట ముళ్ళే. మాట మధ్యలో ఆపి లేచి వెళ్ళి, చూపుడువేలితో దాని మూలను కొంచెం పైకి నెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసి, అప్పుడు వచ్చి కూర్చుంటాడు. బ్యాంకులో ఇదే పని చేశాడు. పంటి డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకున్నప్పుడు కూడా లేవబోయాడు. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో గుండె చిక్కబట్టుకుని అటూ ఇటూ తిరగాల్సిన మనిషి, గోడ పొడుగునా ఉన్న బొమ్మలన్నీ సరిచేసుకుంటూ రెండో చివరికి వెళ్ళిపోయాడు. నర్సు పిల్లను గుడ్డలో చుట్టుకుని వచ్చి చూస్తే తండ్రి జాడ లేదు. "ఇందాకటి నుంచి బొమ్మలు కదిలిస్తున్నారు, ఆయనేనా?" అని ఆవిడే కనుక్కుని వెతికి తెచ్చింది.

పాపం, అతన్ని అని లాభం లేదు. పొద్దున లేచింది మొదలు అతని బతుకు అదే. ఇంటి ముందు గదే దుకాణం. గోడ నిండా మేకులు, మేకులకు రకరకాల ఫ్రేముల మూలముక్కలు, తలుపు వెనక నిలబెట్టిన గాజు పలకలు, బల్ల కింద రంపపు పొట్టు, అన్నిటి మీదా జిగురు వాసన. జనం పెళ్ళి ఫోటోలు తెస్తారు, చదువు పట్టాలు తెస్తారు, పిల్లలు గీసిన ఇళ్ళూ సూర్యుళ్ళూ తెస్తారు. కట్టడం పూర్తయ్యాక అతను ఫ్రేమును ఛాతీకి ఎదురుగా రెండు చేతులతో ఎత్తి, బొమ్మను మనిషి వైపు తిప్పి పట్టుకుంటాడు. అతనికి కనిపించేది వెనకున్న అట్టే. బొమ్మ బాగుందో లేదో వచ్చినవాళ్ళ మొహం చూసి తెలుసుకుంటాడు. మూతి కాస్త వదులైతే పని బాగా కుదిరినట్టు. ఇన్నేళ్ళలో ఈ లెక్క తప్పింది లేదు, ఇంట్లో తప్ప.

ఇంట్లో తప్పిందెలాగో చెప్పాలంటే పిల్ల సంగతి చెప్పాలి. పిల్లకు కాగితాల మీద చక్కని పేరే ఉంది కానీ ఆ పేరుతో పిలిచే నాథుడు లేడు. పుట్టిన వెంటనే అది పెట్టిన కేక విని అమ్మమ్మ, "పిల్ల కాదే తల్లీ, పిడుగు" అంది. పిడుగుగానే ఉండిపోయింది. తల్లి ఎత్తుకుంటే పిడుగు వెన్నముద్ద. అమ్మమ్మ ఎత్తుకుంటే దూదిపింజ. తండ్రి ఎత్తుకుంటే మాత్రం పేరు నిలబెట్టుకునేది. మొదటి నెలలో అందరూ నవ్వారు. రెండో నెలలోనూ నవ్వారు. నాలుగో నెల వచ్చేసరికి నవ్వడానికి వీలు లేకుండా పోయింది, ఎందుకంటే సోమవారం వస్తోంది.

సోమవారం నాడు అతని భార్య తిరిగి ఉద్యోగంలో చేరాలి. ఆమె ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉండి చేదోడు వాదోడుగా ఉన్న అత్తగారు ఆదివారం సాయంత్రానికే వెళ్ళిపోవాలి, మామగారికి మోకాలి ఆపరేషన్ ఉంది. ఇక పగలంతా ఇంట్లో మిగిలేది ఫ్రేములాయనా, పిడుగూ. దుకాణం ఇంట్లోనే కదా, ఆయన చూసుకుంటాడులే అని పిల్ల పుట్టకముందు తేలిగ్గా అనేసుకున్న మాట అది. అనుకున్నప్పుడు పిడుగు అభిప్రాయం ఎవరూ అడగలేదు.

"బెంగ పెట్టుకోకండి అల్లుడుగారూ," అంది అత్తగారు, ఆయన చేతుల్లోంచి కేకలు పెడుతున్న మనవరాల్ని అందుకుంటూ. "అలవాటవ్వాలంతే. మీ మామగారికి నేనింకా అలవాటు కాలేదు. అలాగని కాపురం ఆగిందా?"

పిల్ల ఆవిడ భుజానికి తగలగానే నోరు మూసుకుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, ఏడుపుకంటే ఆ ఊరుకోవడమే అతనికి ఎక్కువ నొప్పిగా ఉండేది.

భార్య తల్లి ముందు "ఏమండీ" అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు "నువ్వు" అంటుంది. గురువారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా, ఆరిన గుడ్డలు మడతపెడుతూ నువ్వులోకి దిగింది.

"నువ్వేం దిగులు పడకు. ఇంకొన్నాళ్ళు సెలవు అడుగుతాను."

"ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరి?"

"మానేస్తాను. ఏముంది, ఎప్పుడైనా చేయొచ్చు." చిన్న చొక్కా ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

ఆ పనంటే ఆమెకు ఎంత ప్రాణమో అతనికి తెలుసు. అన్నం తింటూ, "ఈవేళ ఒక స్లైడు చూశాను, ఎంత బాగుందో" అని మొదలుపెట్టేది. నెత్తుటి చుక్క గురించి పూలతోట గురించి చెప్పినట్టు చెప్పేది. అలాంటి మనిషి తన చేతకానితనం వల్ల ఇంట్లో కూర్చోవాల్సి వస్తే ఇక తన మొహం తానే చూసుకోలేనని అతను బాధపడ్డాడు. పిడుగును సోమవారంలోగా మచ్చిక చేసుకోవాలి. ఎలా? అతనికి వచ్చిన విద్య ఒకటే, చేత్తో ఏదో ఒకటి తయారుచేయడం.

నిజానికి ఆ ఇంట్లో అందరికీ ఆ పిచ్చి ఉంది. అత్తగారు పాత మేజోళ్ళలో దూది కూరి ఒక ఏనుగును కుట్టింది. దాని తొండమూ తోకా ఒకే పొడవు. ఏది ముందో ఏది వెనకో అత్తగారికే సందేహం వచ్చేది. పిడుగుకు ఆ పట్టింపు లేదు, ఏది దొరికితే అది చీకేది. భార్య ఊలుతో టోపీ అల్లింది. లెక్క ఎక్కడ తప్పిందో గానీ అది పిడుగుతో పాటు తాతకు కూడా పట్టేంత అయింది. చివరికి టీ కెటిలుకు తొడిగారు. టీ మాత్రం చాలాసేపు వేడిగా ఉంటోంది.

ఫ్రేములాయన చేసింది చేపల్ని. మిగిలిపోయిన ప్లైవుడ్డు ముక్కల్ని సన్నని రంపంతో కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, ఒక్కో చేపకు ఒక్కో రంగు వేశాడు. పొలుసులు గీశాడు. కళ్ళకు నల్లటి చుక్కలు పెట్టి, ఫ్రేముల అంచులకు వాడే బంగారు రంగు తోకలకు పూశాడు. దుకాణానికి ఆనుకున్న లోపలి గదిలో పిడుగును పడుకోబెట్టే చాప మీదుగా ఒక కర్ర కట్టి, దానికి చేపల్ని వేలాడదీశాడు. గాలికి తిరిగి వీపు చూపించకుండా ఒక్కో చేపకు రెండేసి దారాలు కట్టి, అన్నిటి మొహాలూ గుమ్మం వైపుకు పెట్టాడు. గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. ఒక్కటి కూడా వంకర లేదు.

పక్క దుకాణంలో తాళంచెవులు చేసే ఆయన టీ తాగడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అబ్బ! ఈదుతున్నట్టే ఉన్నాయి గురువుగారూ! నాకు పిల్లలు పెద్దవాళ్ళైపోయారు గానీ, లేకపోతే ఎత్తుకుపోయేవాణ్ణి."

తాళాలాయన మూతి వదులైంది. లెక్క ప్రకారం పని కుదిరినట్టే. కానీ చాప మీద వెల్లకిలా పడుకున్న పిడుగు చేపల్ని ఒక్కసారి కూడా చూడలేదు. వాటి సందుల్లోంచి పైకప్పుకున్న ఫ్యానును చూస్తూ ఊఁ కొడుతోంది. ఫ్యాను ఆపితే పెదవి విరిచింది. వేస్తే మళ్ళీ ఊఁ కొట్టింది.

"ఏమాటకామాట చెప్పుకోవాలి అల్లుడుగారూ," అంది అత్తగారు, "ఫ్యానుకున్న కళ మీ చేపలకు రాలేదు."

"రంగు చాల్లేదేమో," అన్నాడతను.

శుక్రవారం ఇంకో పూత వేశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. ఒక చేపకు నవ్వు కూడా పెట్టాడు. చేపలు నవ్వవని భార్య అంటే, ఈ చేప నవ్వుతుందన్నాడు. పట్టు పట్టాడంటే అతను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సాయంత్రానికి దుకాణానికి వచ్చినవాళ్ళందరూ చేపల్ని మెచ్చుకుని వెళ్ళారు. పిడుగు మాత్రం ఫ్యానుతో స్నేహం మానలేదు.

శనివారం పొద్దున భార్య చెప్పులు వేసుకుంది. "ఏమండీ, అమ్మా నేనూ బజారుకు వెళ్ళొస్తాం. మధ్యాహ్నానికి వచ్చేస్తాం. పాలు సీసాలో పోసి ఉంచాను."

బజారులో వాళ్ళకు పెద్ద పనేమీ లేదని అతనికి తెలుసు. ఇది పరీక్ష. ఇందులో తప్పితే సోమవారం ఆమె ఎక్కడికీ వెళ్ళదు. "వెళ్ళిరండి, మేం హాయిగా ఉంటాం" అన్నాడు. ఆ మాటకు పిడుగే ఆశ్చర్యపోయి కాసేపు ఊరుకుంది.

తలుపు మూసుకున్నాక మొదలైంది. సీసా పెడితే నాలుకతో నెట్టేసింది. గుడ్డ మార్చాడు, అది తడిసిన గుడ్డ కోసం ఏడ్చే ఏడుపు కాదు. ఏనుగును ఇచ్చాడు, తొండంతో ఒకసారి, తోకతో ఒకసారి. ఈలవేశాడు. ఫ్యాను వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. ఈసారి ఫ్యాను కూడా పనిచేయలేదు. అమ్మ లేదని దానికి తెలిసిపోయింది. గదంతా దద్దరిల్లుతోంది.

అంతలో ఒక పెద్దావిడ చుట్టిన కాగితం ఒకటి చంకలో పెట్టుకుని దుకాణంలోకి వచ్చింది. మనవడు గీసిన బొమ్మట, ఫ్రేము కట్టించాలట. అతను పిల్లను రెండు చేతులతో ఛాతీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని ముందు గదిలోకి వచ్చాడు. పిల్ల మొహం ఆవిడ వైపు, వీపు అతని వైపు.

ఆవిడ పిల్లను చూసింది, అతన్ని చూసింది. "ఏం నాయనా, అమ్మకానికి పెట్టావా?"

"అయ్యో, లేదండీ. మా అమ్మాయే."

"అది సరే. సరుకు చూపించినట్టు పట్టుకుంటేనూ, అడిగాను." ఆవిడ నవ్వి కాగితం బల్ల మీద పెట్టింది. "ముందు దాని సంగతి చూసుకో. నాకేం తొందర లేదు, రేపొస్తాలే."

ఆవిడ వెళ్ళిపోయాక అతనికి ఓపిక అయిపోయింది. పిల్లను చాప మీద పడుకోబెట్టి, నడుం విరిగినట్టై, పక్కనే తనూ పడిపోయాడు. దాని తల పక్కన తల పెట్టుకుని వెల్లకిలా చూస్తూ, ఇంక చేసేదేముంది, ఉద్యోగం మానెయ్యమంటాను, తప్పు నాదేనని చెప్పేస్తాను అనుకున్నాడు. అప్పుడు చేపలు కనిపించాయి.

కనిపించాయి అనడం కూడా తప్పే. కనిపించినవి గీతలు. ప్లైవుడ్డు ముక్కల సన్నటి అంచులు, రంగు అంటని గోధుమరంగు అంచులు, ఒకటి పక్కన ఒకటి వరసగా. పొలుసుల్లేవు, బంగారు తోకల్లేవు. నవ్వే చేప ఎక్కడుందో వెతికాడు, దొరకలేదు. ఆ గీతల మధ్యలోంచి పైన ఫ్యాను ఒక్కటే గుండ్రటి మొహం పెట్టుకుని తిన్నగా అతని వైపే చూస్తోంది. ఇన్ని రోజులుగా గుమ్మంలో నిలబడేవాళ్ళందరికీ చేపలు, పడుకున్నదానికి పుల్లలు.

పిల్లను ఎత్తుకున్నది కూడా అలాగేనని అప్పుడు తట్టింది. ఎప్పుడూ మొహం ఎదుటివాళ్ళ వైపు, వీపు తన వైపు. దాని మూతి వదులైందో లేదో కూడా ఎదుటివాళ్ళ మొహాల్లోనే చూసుకున్నాడు. నాలుగు నెలలుగా తన కూతురు తన మొహం సరిగ్గా చూసిందా అసలు?

అతనికి నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, పొట్ట కదిలిపోయే నవ్వు. తన తెలివితక్కువతనానికి తానే నవ్వుతూ పక్కకు ఒత్తిగిలాడు. చాప కదిలింది. పిడుగు కేక మధ్యలో ఆగి, ఈ చప్పుడు ఎక్కడిదా అని తల తిప్పింది. ఇద్దరి మొహాలూ దగ్గరగా ఎదురుబొదురుగా ఉన్నాయి. అది అతన్ని చూసింది. కనుబొమలు చూసింది, మీసం చూసింది, కదులుతున్న నోరు చూసింది. బజారులో కొత్త సరుకు చూసినట్టు తాపీగా అంతా చూసి, చెయ్యి చాచి ముక్కు పట్టుకుంది.

"నేనేనే," అన్నాడతను, ముక్కులోంచి వచ్చిన గొంతుతో. "మీ నాన్నని."

పిడుగు ముక్కు వదల్లేదు. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే అది ఎక్కడ భయపడుతుందోనని తుడుచుకోలేదు. ఆ క్షణాన అతనంత సంతోషంగా ఉన్నవాడు ఆ వీధిలో లేడు.

బజారు నుంచి తల్లీకూతుళ్ళు తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దానికి భయపడి భార్య చెప్పులు విప్పకుండానే లోపలికి పరిగెత్తింది. చాప మీద ఇద్దరూ నిద్రపోతున్నారు. సీసా ఖాళీగా ఉంది.

"అమ్మా, ఇది ఏడవలేదా?" అంది తల్లితో గుసగుసగా.

"ఇద్దర్లో ఎవరు?" అంది అత్తగారు, అల్లుడి చెంప మీద ఎండిన చార చూసి.

లేచాక అతను జరిగిందంతా చెప్పాడు. భార్య విన్నది కానీ పూర్తిగా నమ్మలేదు. ఒకపూట గడిచినంత మాత్రాన రోజంతా గడుస్తుందా? ల్యాబులో పెద్ద మేడమ్‌కు ఫోన్ చేసి, "సోమవారం వస్తానండీ. ఆ తర్వాత సంగతి ఆ సాయంత్రమే చెబుతాను" అంది. వేరే మనిషిని వెతుక్కోవాలా వద్దా అన్నది ఆవిడకూ తెలియాలి కదా.

ఆదివారమంతా అతను చేపల దారాలు విప్పుతూ కూర్చున్నాడు. ఒక్కో చేపనూ బోర్లా తిప్పి, మూడు వైపులా దారాలు కట్టి, రంగు వేసిన మొహం నేలవైపుకు ఉండేలా వేలాడదీశాడు. నిలబడి చూసేవాళ్ళకు ఇప్పుడు కనిపించేది వట్టి ప్లైవుడ్డు వీపు, దాని మీద పెన్సిలు గీతలు, జిగురు మరకలు. ప్రయాణానికి తయారైన అత్తగారు సంచి పట్టుకుని చూసి నోరు నొక్కుకుంది. "ఇదేం చోద్యం అల్లుడుగారూ! ఉన్న ఒక్క అందాన్నీ బోర్లించేశారు." మనవరాలి రెండు బుగ్గలూ పుణికి, ఏనుగును దాని పక్కన పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

సోమవారం పొద్దున భార్య వీధి మలుపు దాకా వెళ్ళి రెండుసార్లు ఆగింది. ల్యాబులో మధ్యాహ్నం దాకా ఫోను బల్ల మీద ఎదురుగా పెట్టుకుంది. అది మోగలేదు. మోగలేదంటే అంతా బాగుందా, లేక ఏడుపులో ఫోను చేసే తీరిక కూడా లేదా? మైక్రోస్కోపులో తలపెట్టి చాలా రోజుల తర్వాత ఒక స్లైడు చూసింది. ఎప్పటిలాగే అందంగా ఉంది. అంత అందంగా లేకపోతే మానెయ్యడం తేలికయ్యేదేమో అనుకుంది.

సాయంత్రం వచ్చేసరికి తాళాలాయన గుమ్మంలో నిలబడి తల గోక్కుంటున్నాడు. "చూడమ్మా, నిక్షేపంలాంటి చేపలు! వీపులు చూపిస్తున్నాయి. చెబితే వినడు మీ ఆయన."

ముందు గదిలో గాజు పలకలన్నీ అటక ఎక్కాయి. గాజు కోసే పని పిడుగు నిద్రపోయేటప్పుడే అట. పెద్దావిడ మనవడి బొమ్మకు ఫ్రేము సగం అయింది. లోపలి గదిలో అతను చాప పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఫ్రేముకు కట్టే బీడింగు చెక్కముక్కలకు నునుపు పెడుతున్నాడు. పిడుగు పైకి చూస్తూ కాళ్ళతో గాలిని తంతోంది.

"ఏడ్చిందా?" అంది ఆమె గుమ్మంలోంచే.

"ఏడవకుండా ఎలా ఉంటుంది, పిడుగు కదా. పొద్దున నువ్వు వెళ్ళగానే ఏడ్చింది, నీళ్ళు పోసేటప్పుడు ఏడ్చింది. ఊరుకుంది కూడా."

"ఎవరు ఊరుకోబెట్టారు?"

"నేనే. ఇంకెవరున్నారు?" ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో గర్వం దాగలేదు. "నువ్వూ పడుకుని చూడు. నిలబడితే ఏమీ కనిపించదు."

ఆమె భుజానికున్న సంచితోనే పిడుగు పక్కన వెల్లకిలా పడుకుంది. పైన చేపలు. ఎర్రవీ, పచ్చవీ, నీలివీ, పొలుసులతో, బంగారు తోకలతో అన్నీ తన వైపే చూస్తున్నాయి. నవ్వే చేప నవ్వుతోంది. చేపల మధ్యలో ఒక చిన్న ఫ్రేము కూడా వేలాడుతోంది. చక్కటి మూలలు, నున్నటి అంచు. గాజు లేదు, అట్ట లేదు, లోపల బొమ్మా లేదు.

"ఇందులో బొమ్మ పెట్టడం మర్చిపోయావా?"

"ఉండు," అని అతను మోకాళ్ళ మీద లేచి, పైనుంచి వంగి, ఆ ఫ్రేములో మొహం పెట్టాడు. పిడుగు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒళ్ళంతా కదిలిపోయేలా కిలకిలా నవ్వింది. అంత నవ్వు ఆమె దగ్గర కూడా ఎప్పుడూ నవ్వలేదు. ఆమెకు కొంచెం అసూయ వేసింది, అంతకు పదింతలు హాయిగా అనిపించింది.

"బతికుండగానే ఫ్రేములోకి ఎక్కేశావా!" అంది నవ్వుతూ. అలా పడుకునే సంచిలోంచి ఫోను తీసి, కళ్ళు తుడుచుకుని నొక్కింది. "మేడమ్, నేనేనండీ. రేపొస్తున్నాను... ఆఁ, ఎల్లుండి కూడా. ఇక రోజూ వస్తాను."

వంగినప్పుడు అతని తల తగిలి ఫ్రేము కాస్త కుడిపక్కకు ఒరిగింది. అది ఇద్దరూ చూశారు. సరిచేయడానికి అతను ఎప్పుడు లేస్తాడా అని ఆమె చూస్తోంది. ఊరందరి బొమ్మల్నీ సరిచేసే ఆ చూపుడువేలును పిడుగు గుప్పిట్లో పట్టుకుని ఉంది. లాక్కుంటే వచ్చేస్తుంది, అదేమంత గట్టి పట్టు కాదు. అతను లాక్కోలేదు.